ఫోన్‌లో పాఠం, తరగతిలో ఫిట్స్

ప్రభుత్వ కాగితాల్లో రెండు జాబితాలున్నాయి. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతికి పట్టుకోవాల్సిన 30 సమస్యలను లెక్కగట్టింది. అందులో ఫిట్స్ ఒకటి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది; అందులో మూర్ఛ పేరు విడిగా ఎక్కడా కనబడదు. మొదటి జాబితా పట్టుకుని ఆరోగ్య బృందం ఏడాదికోసారి బడి గడప తొక్కాలి. రెండోది పట్టుకుని వెళితే మాత్రం ఒట్టి మూర్ఛ ఉన్న పిల్లవాడికి వైకల్య సర్టిఫికెట్ దొరకడం కష్టం. సర్టిఫికెట్ లేనివాడు ప్రత్యేక టీచర్ రిజిస్టర్‌లోకి రావడం ఇంకా కష్టం. ఒక శాఖ కంటికి వాడు రోగి, ఇంకో శాఖ కంటికి మామూలు విద్యార్థి.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు మూర్ఛ మీద డిజిటల్ శిక్షణ ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నను ఈ సందులో నిలబెట్టే చూడాలి. ఫోన్‌లో చూసిన పాఠం వల్ల ఏది చేతికొస్తుంది, ఏది రాదు, వచ్చింది తరగతిలో నిలవాలంటే చుట్టూ ఇంకేం ఉండాలి?

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనలో ఎక్కువగా పాత వరంగల్ నుంచి విడివడిన జిల్లాలివి. జనగామకు హైదరాబాద్–వరంగల్ రహదారి ఉంది, రైలుంది, సిగ్నల్‌కూ ఢోకా లేదు. మహబూబాబాద్‌కూ రైలుంది, కానీ స్టేషన్ దిగి గూడూరు దాటి కొత్తగూడ, గంగారం వైపు వెళితే అడవి, కోయగూడేలు. ఇటు కురవి, మరిపెడ వైపు చూస్తే ఎటు తిరిగినా తండాలే. భూపాలపల్లి పట్టణం సింగరేణి బొగ్గు మీద బతుకుతుంది. అక్కడి నుంచి మహాముత్తారం మీదుగా పలిమెల దాకా పోతే గోదావరి ఒడ్డు, అవతల మహారాష్ట్ర. మూడు జిల్లాల జనానికీ కష్టమొస్తే పెద్దాసుపత్రి అంటే వరంగల్ ఎంజీఎం.

ఈ ఊళ్లలో ప్రత్యేక విద్య అంటే ముందు గుర్తొచ్చేది మండల కేంద్రంలోని భవిత కేంద్రం, అక్కడ సమగ్ర శిక్ష కింద పనిచేసే ప్రత్యేక టీచర్, ఐఈఆర్‌పీ. కొన్ని రోజులు కేంద్రంలో, కొన్ని రోజులు మండలంలోని బడుల్లో, ఇంకొన్ని రోజులు మంచం దిగలేని పిల్లల ఇళ్లలో వాళ్ల పని. మండలానికి ఒకరో ఇద్దరో. వీళ్లందరినీ జిల్లా కేంద్రంలో ఒక హాల్లో కూర్చోబెడితే ఆ రోజు భవిత కేంద్రాలకు తాళమే. ఫోన్ ద్వారా నేర్పడమనే ఆలోచనకు బలమైన కారణం ఇదే. సాంకేతికత మీద మోజు కంటే ఇదే నిజమైన అవసరం.

అయినా ముందు ప్రత్యేక టీచర్లే ఎందుకు? జవాబు లెక్కల్లో ఉంది. బెంగళూరు పరిసరాల్లో అక్కడి మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు చేసి 2004లో ప్రచురించిన పెద్ద సర్వేలో ప్రతి వెయ్యి మందిలో 8.8 మందికి మూర్ఛ కనబడింది. పట్టణంలో 5.7 అయితే పల్లెల్లో 11.9. ఈ లెక్కన రెండు వందల మంది చదివే పల్లె బడిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మామూలు టీచర్ ఏళ్ల తరబడి పాఠం చెప్పినా తరగతిలో పెద్ద ఫిట్ ఒక్కటీ చూడకపోవచ్చు. బుద్ధిమాంద్యం ఉన్నవారిలో మాత్రం లెక్క వేరు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2015లో వేసిన అంచనా ప్రకారం నూటికి 22 మందికి మూర్ఛ ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో మూడోవంతు మందికి. ఆటిజం, దానికి తోడు బుద్ధిమాంద్యం ఉంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఇరవై మంది పిల్లలున్న భవిత కేంద్రంలో నలుగురైదుగురు మాత్రలు మింగుతున్నవాళ్లో, మింగాల్సినవాళ్లో ఉంటారన్నమాట. ప్రత్యేక టీచర్‌కు మూర్ఛ అరుదైన విపత్తు కాదు, వారం వారం ఎదురయ్యే పని.

మూర్ఛ ఉన్న పిల్లల వైపు నుంచి చూసినా ఈ లెక్క నిజమే. ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో ఫిట్స్ ఇంకా వస్తున్న బడి పిల్లలను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 80 మందిలో ప్రవర్తనకు సంబంధించిన సమస్యో, తెలివితేటల్లో వెనుకబాటో, రెండూనో బయటపడ్డాయి. ప్రవర్తన సమస్యలున్న వాళ్లలో అంతకుముందే డాక్టర్ గుర్తించింది మూడోవంతు మందినే. మామూలు తరగతిలో వెనక బెంచీలో కూర్చుని 'చదువు రాదు' అనిపించుకుంటున్న మూర్ఛ పిల్లవాడికి కూడా ప్రత్యేక టీచర్ అవసరం ఉండొచ్చు. కానీ సర్టిఫికెట్ లేదు.

ఇక పాఠం సంగతి. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పడానికి వీడియోను మించింది లేదు, ఎందుకంటే చేయాల్సింది చాలా తక్కువ. చుట్టూ ఉన్న బెంచీలు జరపాలి. తల కింద చున్నీయో, సంచో మడిచి పెట్టాలి. మెడ దగ్గర బొత్తాం వదులు చేయాలి. గడియారం చూసుకోవాలి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తెలివి పూర్తిగా వచ్చేదాకా దగ్గరే కూర్చోవాలి. అసలు కష్టం చేయకూడనివాటిలో ఉంది. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, చెప్పు వాసన చూపించడం, నాలుక కొరుక్కుంటాడని పళ్ల మధ్య చెంచా దూర్చడం, కాళ్లూ చేతులూ నలుగురు పట్టి అదమడం, నోట్లో నీళ్లు పోయడం: ఇవన్నీ ప్రేమతో చేసేవే. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాళంచెవులు మాత్రం హాని చేయవు, మేలూ చేయవు; ఫిట్ రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగిపోతుంది, పేరు తాళంచెవులకు దక్కుతుంది. ఈ నమ్మకం తరాల తరబడి నిలవడానికి కారణం అదే. పాఠంలో ఆ గుట్టు విప్పి చెప్పకుండా 'ఇనుము పెట్టకండి' అని మాత్రం అంటే వీడియో అయిపోయాక టీచర్ తల ఊపి, అసలు రోజున గుత్తి కోసమే వెతుకుతుంది.

అయిదు నిమిషాల గీత ఎందుకో కూడా చెప్పాలి. మూర్ఛ మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఒళ్లంతా కొట్టుకునే ఫిట్ అయిదు నిమిషాలు దాటితే తనంతట ఆగే అవకాశం తగ్గుతుంది, ముప్పై నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వత నష్టం జరగొచ్చు. కాబట్టి అయిదో నిమిషంలో 108కి ఫోన్ పోవాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ అంబులెన్స్ జనగామ హైవే మీద వచ్చే వేగం వేరు, వానాకాలం పలిమెల దారిలో వచ్చే వేగం వేరు. ఫిట్స్ తొందరగా ఆగని చరిత్ర ఉన్న పిల్లలకు డాక్టర్లు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసిస్తుంటారు. రహదారికి దూరంగా ఉన్న బడుల్లో అదే అసలైన అంబులెన్స్. దాన్ని ఎలా వాడాలో నేర్పడానికి రెండు నిమిషాల వీడియో చాలు. ఎవరు వాడొచ్చన్నది మాత్రం వీడియో తేల్చే విషయం కాదు.

ప్రత్యేక పిల్లల విషయంలో మామూలు ప్రథమ చికిత్స పాఠం సగమే పనికొస్తుంది. చక్రాల కుర్చీలో బెల్టుతో కూర్చున్న పిల్లకు ఫిట్ వస్తే కంగారుగా కిందికి దించకూడదు. బ్రేకు వేసి తలను పట్టుకోవాలి. మాట రాని పిల్లవాడు 'కడుపులో ఏదో అవుతోంది' అని ముందుగా చెప్పలేడు. ఫిట్ అయ్యాక అయోమయంలో ఉన్నవాణ్ణి గట్టిగా పట్టుకుంటే కొడతాడు, కొరుకుతాడు. అది మొండితనం కాదు. కొన్నిసార్లు ఒక చేయి గంటల తరబడి చచ్చుబడినట్టు ఉండి మళ్లీ మామూలవుతుంది. ముందే ఒక పక్క బలహీనంగా ఉన్న సెరిబ్రల్ పాల్సీ పిల్లలో ఆ తేడా రోజూ చూసే టీచర్ కంటికి తప్ప ఇంకెవరికీ దొరకదు.

అసలు మూర్ఛ అంటే కింద పడి కొట్టుకోవడమే అనుకోవడం దగ్గరే సగం పిల్లలు తప్పిపోతారు. పది సెకన్లు శూన్యంలోకి చూసి, మళ్లీ ఏమీ ఎరగనట్టు రాసుకుంటూ పోయే ఆబ్సెన్స్ ఫిట్స్ రోజుకు పదుల సార్లు రావచ్చు. అలాంటి పిల్లకు బడిలో దొరికే మందు 'పరధ్యానం' అనే తిట్టు. పెదవులు చప్పరిస్తూ, చొక్కా అంచు నలుపుతూ, పిలిస్తే పలకనిది ఇంకో రకం. తల ఒక్కసారిగా వాల్చి ధబాలున పడిపోయి వెంటనే లేచేది మరో రకం. ఆ పిల్లవాడి నుదుటి మీది కుట్ల మచ్చలే రుజువు. ఆటిజం ఉన్న పిల్లవాడు చేతులు ఆడిస్తూ ఊగుతుంటే అది అలవాటా, ఫిట్టా? పేరు పెట్టి పిలిచి, భుజం తట్టి, ఇష్టమైన బొమ్మ చూపితే అలవాటు సాధారణంగా ఆగుతుంది, ఫిట్ ఆగదు. ఇలాంటి తేడాలు పుస్తకం చదివితే రావు. పక్కపక్కన రెండు వీడియోలు చూపిస్తే ఒక పూటలో వస్తాయి. డిజిటల్ శిక్షణకు ఇంతకంటే మంచి సమర్థన ఇంకోటి లేదు.

తెర విషయం వచ్చింది కాబట్టి ఒక అపోహను ఇక్కడే పక్కన పెట్టొచ్చు. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరిసే దృశ్యం చూసి దాదాపు 700 మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఆ కథ అప్పటినుంచీ తల్లిదండ్రులను వెంటాడుతోంది. నిజానికి మెరిసే వెలుగుకు ఫిట్స్ వచ్చేది మూర్ఛ ఉన్నవారిలో నూటికి ముగ్గురికే. మిగతా పిల్లలకు డిజిటల్ తరగతి గది తలుపు మూయాల్సిన పనిలేదు. మన దగ్గర అంతకన్నా పట్టించుకోవాల్సింది తలస్నానం. వేడివేడి నీళ్లు చెంబులతో గబగబా నెత్తిన పోసుకుంటే ఫిట్స్ వచ్చే రకం దక్షిణ భారతంలో ఎక్కువ. నిమ్హాన్స్‌లో డాక్టర్ పి.సతీశ్‌చంద్ర బృందం దాని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. హాస్టల్ వార్డెన్‌కు ఈ ఒక్క ముక్క తెలిస్తే గోరువెచ్చని నీళ్లతో చాలామటుకు తప్పే గండం అది.

ఇంతవరకూ ఫోన్ పాఠం బాగా చేయగల పని. అది చేయలేని పని ఆ తర్వాత మొదలవుతుంది, అక్కడ కావాల్సింది నెలల తరబడి కనిపెట్టుకుని ఉండటం. మూర్ఛకు మందు రాసే డాక్టర్ పిల్లవాణ్ణి చూసేది మూడు నెలలకోసారి, అయిదు నిమిషాలు. వారానికి అయిదారు రోజులు చూసేది టీచర్. ఫినోబార్బిటోన్ వాడుతున్న పిల్లవాడు మధ్యాహ్నం దాకా నిద్రమత్తులో జోగొచ్చు, లేదా కుదురు లేకుండా గంతులేయొచ్చు. ఫెనిటాయిన్‌తో చిగుళ్లు వాస్తాయి. లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాక నెమ్మదస్తుడు చిటపటలాడొచ్చు. వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగొచ్చు. ఎదిగిన ఆడపిల్లల విషయంలో దానికి వేరే ప్రమాదం ఉంది, గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. కార్బమజపైన్ కొన్ని ఫిట్స్‌ను తగ్గిస్తుంది, ఆబ్సెన్స్ ఫిట్స్‌ను పెంచుతుంది. 'ఈ నెల నుంచి పిల్ల మారిపోయింది' అని టీచర్ రాసిచ్చే ఒక్క వాక్యం డాక్టర్‌కు చాలాసార్లు స్కానింగ్ కంటే ఎక్కువ చెబుతుంది. తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ఏ పక్క మొదలైంది, ముందురోజు మాత్ర వేసుకున్నాడా, నిద్ర పోయాడా: ఈ ఆరేడు గళ్ల డైరీ రాయించలేని శిక్షణ, ఎంత అందంగా తీసినా, సినిమాగానే మిగులుతుంది.

ఫోన్ మళ్లీ పనికొచ్చేది ఇక్కడ. టీచర్ తానే ఒక వీడియో తీయాలి. ఫిట్ ఎలా ఉందో నోటితో వర్ణించడం కంటే ఒక నిమిషం దృశ్యం చూపడం డాక్టర్ నిర్ధారణకు బాగా తోడ్పడుతుందని అమెరికా పరిశోధకులు 2020లో 'జామా న్యూరాలజీ' పత్రికలో చూపించారు. దీనికి మర్యాద ఉంది. ముందు పిల్లవాడికి దెబ్బ తగలకుండా చూడాలి, తర్వాతే కెమెరా. తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఆ వీడియో డాక్టర్‌కు పోవాలి తప్ప మండల టీచర్ల వాట్సాప్ గ్రూప్‌కు పోకూడదు. మన ఊళ్లలో గ్రూప్‌లో పడ్డ వీడియో సాయంత్రానికి పిల్ల మేనమామ ఊరు చేరుతుంది; ఆ పిల్ల పెళ్లి మాట వచ్చే రోజు దాకా అక్కడే ఉంటుంది.

పెళ్లి భయం చిన్నది కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పదే పదే వచ్చే మూర్ఛ పెళ్లికి అడ్డంకిగా ఉండేది. 1999లో పార్లమెంటు ఆ మాట తీసేసింది. చట్టం నుంచి పోయినంత తేలికగా వాకిలి నుంచి పోలేదు. ఆడపిల్లకు ఫిట్స్ ఉన్న సంగతి బడికి చెప్పకుండా కస్తూర్బా బాలికల విద్యాలయం (కేజీబీవీ)లోనో, ఆశ్రమ పాఠశాలలోనో చేర్పించే తల్లిదండ్రులను తప్పుపట్టడం సులువు. ఆ పిల్ల పెట్టె అడుగున మాత్రలు దాచుకుని, తోటిపిల్లలు చూస్తారని రాత్రి మాత్ర మానేస్తుంది. పరీక్షలకు రాత్రంతా మేల్కొంటుంది. మాత్ర మానడం, నిద్ర చాలకపోవడం: ఫిట్స్‌ను పిలిచేవాటిలో ముందు వరుసలో ఉండేవి ఈ రెండే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు కుటుంబమంతా బయల్దేరినప్పుడు కూడా అదే జరుగుతుంది. నాలుగు రాత్రులు నిద్ర ఉండదు, మాత్రలు ఇంట్లోనే ఉండిపోతాయి. దేవతకు మొక్కు తీర్చడానికి వెళ్లొద్దని ఏ టీచర్ చెప్పినా ఎవరూ వినరు. మాత్రలు కొంగున కట్టుకుని వెళ్లమంటే వింటారు.

ఇదంతా ఏ భాషలో చెప్పాలి? శిక్షణ తెలుగులో ఉండటం కనీసం. ఆ తెలుగు కూడా 'అపస్మార రోగి ఉపశమన విధానాలు' అన్న రకం అయితే లాభం లేదు. జనం ఫిట్స్ అంటారు, పాఠమూ ఫిట్స్ అనాలి. టీచర్ నేర్చుకున్నది మరిపెడ తండాలో తల్లికి లంబాడీలో, కొత్తగూడ గూడెంలో కోయలో చేరాలి. అక్కడ టీచర్‌కు తోడు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్. వాళ్లకు చూపించడానికి మూడు నిమిషాల ముక్కలు, మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ ఉన్నవి, ఇంటర్నెట్ లేకపోయినా ఆడేవి ఉండాలి. తాయెత్తు కట్టిన చేతిని చూసి ముఖం చిట్లించే వీడియో తండాలో ఒక్కసారే ఆడుతుంది. తాయెత్తు ఉండనిచ్చి మాత్ర మానకుండా చూడమని చెప్పేది మళ్లీ మళ్లీ ఆడుతుంది.

మాత్రలు దొరకాలి కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లోకంలో 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన నిర్ధారణ, మందు అందితే వారిలో నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. మందులు పాతవి, చవకవి. ఫినోబార్బిటోన్‌ను మూర్ఛకు వాడటం 1912 నుంచే ఉంది. అయినా అందనివారే ఎక్కువ. 2022లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆమోదించిన పదేళ్ల ప్రణాళిక 2031 నాటికి మూర్ఛ సేవలు పొందేవారి సంఖ్యను 2021 స్థాయి మీద సగానికి సగం పెంచాలంటుంది. మూడు జిల్లాల వైపు నుంచి చూస్తే కొత్త ఆశ ఉంది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రి జిల్లాలోనే ఉంటే ఎంజీఎం దాకా పోయే కూలీ దినం మిగులుతుంది. ఈ-సంజీవని ద్వారా పల్లె ఆరోగ్య కేంద్రం నుంచే పెద్ద డాక్టర్‌తో మాట్లాడే దారీ ఉంది. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్న పిల్లలకైతే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, మందుల ఖర్చుతో సహా ఇస్తుంది. ఇలాంటి చిరునామాలు లేని శిక్షణ టీచర్‌కు రోగం పేరు చెప్పి దారి చెప్పనట్టే.

ఇప్పటికే ఉన్న డిజిటల్ దారులు తక్కువేమీ కావు. 2017 సెప్టెంబర్ 5న వచ్చిన దీక్ష ఆన్‌లైన్ వేదిక మీద 2020 నుంచి టీచర్లకు నిష్ఠ శిక్షణ నడిచింది. వైకల్యాలను తొలిదశలో పసిగట్టే ప్రశస్త్ యాప్‌ను ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చింది. రాష్ట్రానికి టీ-శాట్ విద్యా ఛానెళ్లున్నాయి. ప్రత్యేక టీచర్ల రిజిస్ట్రేషన్ చూసే భారత పునరావాస మండలి కోవిడ్ కాలంలో ఆన్‌లైన్ సదస్సులకూ పాయింట్లు ఇచ్చింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ, ఇప్పటి నీపిడ్, తెలుగు నేల మీదే ఉంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల మూర్ఛ గురించి పాఠం తయారుచేయడానికి అంతకంటే తగిన చోటు లేదు.

వేదికల కొరత లేదు, చూసే తీరులోనే చిక్కు. వీడియో ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క వంట చేసుకుని, చివరి అయిదు ప్రశ్నలకు గ్రూప్‌లో వచ్చిన జవాబులు టిక్ పెట్టి సర్టిఫికెట్ తీసుకోవడం టీచర్లే నవ్వుతూ చెప్పుకునే ముచ్చట. తప్పు వాళ్లది మాత్రమే అనలేం. రోజంతా యాప్‌లలో హాజరు, ఫొటోలు, లెక్కలు ఎక్కించే మనిషికి ఇంకో లింక్ కూడా ఇంకో లెక్కే. దీనికి మందుగా చాలామంది చూపేది ఎకో పద్ధతి. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో కాలేయ వ్యాధి కోసం మొదలుపెట్టిందది. నిపుణులు, పల్లె డాక్టర్లు తెర మీద కలుస్తారు. పల్లె డాక్టర్ తన రోగి కథ చెబుతాడు, దాని చుట్టూ పాఠం నడుస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్ 2014 నుంచి ఈ దారిలో పనిచేస్తోంది. భవిత టీచర్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. నెలకోసారి గంటసేపు ముగ్గురు టీచర్లు తమ తమ పిల్లల డైరీలు ముందు పెట్టుకుని కూర్చుంటే, పేర్లు చెప్పకుండా, ఎంజీఎం నుంచి ఒక డాక్టర్ జవాబిస్తే, ఎవరూ వంట చేసుకుంటూ వినరు. ఖర్చూ తక్కువే, దొరకనిది ఆ డాక్టర్ గంట.

ఏ పద్ధతిలో నేర్పినా ఫలితాన్ని కొలిచే తీరు మారాలి. టీచర్లకు మూర్ఛ గురించి ఏం తెలుసన్న అధ్యయనాలన్నిటినీ 2018లో 'ఎపిలెప్సీ అండ్ బిహేవియర్' పత్రికలో ఒక బృందం కలిపి సమీక్షించింది. లోటు దేశదేశానా ఉందని తేల్చింది. శిక్షణ మీద వచ్చే పత్రాల్లో చాలామటుకు ఒకే అచ్చు: ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష, మార్కులు పెరిగాయి. వీడియో చూసిన మర్నాడు మార్కులు పెరగకపోతేనే ఆశ్చర్యం. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లలో తూచాలన్నారు: నచ్చిందా, నేర్చారా, పనిలో చేస్తున్నారా, ఫలితం వచ్చిందా. మూర్ఛ శిక్షణ మీద దొరికే లెక్కలు ఎక్కువగా రెండో మెట్టు దగ్గరే ఆగుతాయి. మూడో మెట్టు ఎక్కాలంటే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు భవిత కేంద్రానికి వెళ్లి బీరువా తెరిపించి చూడాలి. డైరీ ఉందా, అందులో నిన్నటి తేదీ ఉందా?

ఆ బీరువాలో ఉండాల్సిన ఇంకో కాగితం పిల్లవాడి పేరు మీద రాసిన సంరక్షణ పత్రం. ఇంగ్లండ్ 2014లో చట్టం చేసి, జబ్బు ఉన్న పిల్లలకు తోడ్పడే బాధ్యత బడి మీద పెట్టింది. ఏం చేయాలో రాసిపెట్టే పత్రాన్ని మార్గదర్శకాల్లో చేర్చింది. అమెరికాలో మూర్ఛ సంస్థ ఒకటి బడి సిబ్బందికి ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగానే ఇస్తోంది. అవి ఐచ్ఛికంగా ఉన్నంతకాలం చూసేవారు చూశారు. 2018లో కెంటకీ రాష్ట్రం చట్టం తెచ్చాక అక్కడ శిక్షణ తప్పనిసరైంది, చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మన దగ్గర ఒక్క పేజీ చాలు: ఫిట్ ఎలా ఉంటుంది, ఏ మాత్ర ఏ వేళ, ఎన్ని నిమిషాలు చూడాలి, స్ప్రే ఉంటే ఎవరు కొట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి. కింద డాక్టర్, తల్లిదండ్రులు, ప్రధానోపాధ్యాయుడు మూడు సంతకాలు. సంతకం లేకుండా ఏ కాంట్రాక్ట్ టీచరూ పిల్లవాడి ముక్కులో మందు కొట్టే సాహసం చేయదు, చేయమనడం న్యాయమూ కాదు. ఏదైనా అయితే ఆమె ఉద్యోగానికే ఎసరు.

కాంట్రాక్ట్ అన్న మాట ఊరికే రాలేదు. తెలంగాణలో సమగ్ర శిక్ష కాంట్రాక్ట్ ఉద్యోగులు 2024 డిసెంబర్‌లో రెగ్యులరైజేషన్, పే స్కేల్ కోరుతూ సమ్మెకు దిగారు. సుప్రీంకోర్టు 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికొకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికొకరు చొప్పున టీచర్లుండాలంది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులకు గాను ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు ప్రకటించారు. ఆలస్యంగానైనా మంచి మలుపే. ఇలా వచ్చిన టీచర్లు మండలం మారినా మూర్ఛ శిక్షణ వాళ్లతో పాటే పోతుంది. డైరీ మాత్రం పిల్లవాడితో ఉండాలి.

శిక్షణ ఎప్పుడు ఇవ్వాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మన దేశంలో జాతీయ మూర్ఛ దినం నవంబర్ 17. ర్యాలీలు, ఊదారంగు రిబ్బన్లు, వీడియో విడుదలలు ఆ రోజుకే పెట్టుకుంటారు. తెలంగాణ బడులు తెరిచేది జూన్ 12న. హాస్టల్ పిల్లలు పెట్టెలతో దిగేది, కొత్త పేర్లు రిజిస్టర్‌కు ఎక్కేది ఆ వారాల్లోనే. నవంబర్ వచ్చేసరికి అయిదు నెలలు గడిచి అర్ధసంవత్సర పరీక్షలు కూడా అయిపోయి ఉంటాయి. భవిత టీచర్ ఫోన్‌కు పాఠం మే నెలాఖరుకే చేరాలి. జూన్‌లో ప్రవేశ దరఖాస్తులో 'ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, మాత్రలు వాడుతున్నారా' అన్న రెండు ప్రశ్నలు, జవాబు గోప్యంగా ఉంచుతామన్న హామీతో చేర్చాలి. బాల స్వాస్థ్య బృందం బడికి వచ్చే తేదీ తెలుసుకుని, అవునని రాసిన పిల్లల పేర్లు ఆ రోజు ముందుగా వాళ్ల చేతికివ్వాలి.